కట్టిందెవరో చెప్పకుండా చేతులు చూపించొద్దు

పోయిన వారం ఒక చర్చా కార్యక్రమం విన్నాను. పెద్ద సంస్థలో పెద్ద పదవిలో ఉన్నాయన మాట్లాడుతున్నారు. దరఖాస్తులు తిరస్కరించబడ్డవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నారు. ఆయన ఓపిగ్గా విన్నారు, బాధపడ్డారు, ప్రతిసారీ చివరికి ఒకే మాట దగ్గర తేలారు. "మై హ్యాండ్స్ ఆర్ టైడ్ అండీ. రూల్స్ అలా ఉన్నాయి." వ్యాఖ్యాత అయ్యో అని, తర్వాతి ఫోన్ తీసుకున్నాడు. ఆ రూల్స్ ఖరారు చేసే కమిటీకి అధ్యక్షుడు ఈయనేనని కార్యక్రమం మొదట్లో పరిచయం చేస్తూ చెప్పారు. అరగంట తిరిగేసరికి ఆ సంగతి అక్కడ ఎవరికీ గుర్తులేదు. ఫోన్ చేసినవాళ్ళకి గుర్తున్నా అడగడానికి నోరు రాలేదేమో.

నాకు మాత్రం ఆ రోజంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. నిబంధనలు ఉండకూడదని నేను అనను. నిబంధనలకి కట్టుబడి పనిచేసేవాళ్ళంటే గౌరవమే. కానీ "నా చేతులు కట్టేసి ఉన్నాయి" అని ఎవరైనా అన్నప్పుడు, కట్టిందెవరో, ఏ రూలుతో కట్టారో, విప్పగలవాళ్ళు ఎక్కడున్నారో కూడా చెప్పి తీరాలి. అవేవీ చెప్పకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదని నా గట్టి అభిప్రాయం. ఇది కాస్త కటువుగా వినిపిస్తుందని తెలుసు. ఎందుకంత కటువుగా అంటున్నానో చెప్తాను.

ఆ మాటలో మూడు సంగతులు ఇమిడి ఉంటాయి. ఒక రూలు ఉంది. అది మీ విషయంలో కూడా అడ్డొస్తుంది. అదే లేకపోతే నేను మీ పని చేసిపెట్టేవాణ్ణి. వినేవాళ్ళం ఈ మూడింటినీ ఒక్కసారిగా నమ్మేస్తాం. విడివిడిగా అడిగి చూస్తే ఏదో ఒకటి తేలిపోవడం చాలాసార్లు చూశాను. రూలు ఉంటుంది గానీ అందులోనే మినహాయింపు కూడా ఉంటుంది. లేదా అది రూలే కాదు, ఎప్పుడో ఎవరో పెట్టిన అలవాటు. లేదా, అన్నిటికంటే చేదు నిజం, రూలు లేకపోయినా ఆయన ఆ పని చేసేవాడు కాదు.

మామయ్య సంతకం

మా మేనమామ చేతులు కొన్నేళ్ళుగా వణుకుతున్నాయి. తన సొంత ఖాతాలోంచి తన సొంత డబ్బు తీసుకోవడానికి ఒకసారి ఆయన్ని బ్యాంకుకి తీసుకెళ్ళాను. ఫారం మీద సంతకం పెట్టారు. ఒకప్పుడు చివరి అక్షరం కింద నుంచి ఒక గీత వెనక్కి లాగి, దాని మీద రెండు చుక్కలు పెట్టేవారు. ఆ రోజు గీత పెట్టెలోంచి జారి పక్క గడిలోకి పోయింది, చుక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కౌంటర్లో కుర్రాడు తెర మీద పాత సంతకం తెరిచి, ఫారం దాని పక్కన పెట్టి చూశాడు. మళ్ళీ పెట్టించాడు. రెండోది మొదటిదానికంటే ఘోరంగా వచ్చింది. మనుషులు చూస్తుంటే వణుకు ఇంకా ఎక్కువవుతుంది కదా.

ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. ముందే లేచి మామయ్యకి కుర్చీ వేశాడు, మంచినీళ్ళు తెప్పించాడు. "పెద్దాయనా, మీరెవరో నాకు తెలుసండీ. కానీ సంతకం కలవట్లేదు. నా చేతుల్లో ఏం లేదు, నా చేతులు కట్టేశారు" అన్నాడు. అన్నప్పుడు నిజంగానే బాధపడ్డాడు. ఆ ముఖం చూశాక ఎదురు అడగాలనిపించలేదు. మామయ్యయితే ఆ పిల్లాణ్ణే ఓదార్చారు: "నువ్వేం చేస్తావు బాబూ, పోనీలే."

లేవబోతుంటే పక్క టేబుల్ దగ్గరున్న పెద్దావిడ తల తిప్పి, "వేలిముద్ర తీసుకోవయ్యా. సాక్షులు ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు మన బ్యాంకువాళ్ళు ఉండాలి, అంతే" అంది. అంతే. వాళ్ళ నిబంధనల్లోనే ఉంది ఆ దారి, సంతకం పెట్టలేని ముసలివాళ్ళ కోసం, జబ్బుపడ్డవాళ్ళ కోసం ఎప్పుడో రాసిపెట్టిన దారి. కాసేపట్లో పని అయిపోయింది.

నన్ను ఇప్పటికీ తొలిచేది ఏమిటంటే, ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. తన చేతులు కట్టేశారనే అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ మాట అనగానే ఇక వెతకాల్సిన పని లేకుండా పోయింది. రూలు ఏదో చూడలేదు, పక్కావిడని అడగలేదు. "ఏ రూలు ప్రకారం కుదరదో చూసి చెప్తానుండండి" అని ఉంటే, చూసే క్రమంలోనే కింది పేరాలో ఉన్న దారి కనబడేది. పక్కావిడ ఆ పూట సెలవులో ఉంటే మేము ఖాళీ చేతులతో ఇంటికొచ్చేవాళ్ళం, ఎవరి మీదా కోపం కూడా లేకుండా. కోపం రావాల్సిన చోట రాకుండా చేయడమే ఆ మాట చేసే పని.

కట్టుకున్న చేతుల బలం

1960 ప్రాంతంలో బేరసారాల గురించి రాస్తూ థామస్ షెల్లింగ్ అనే ఆర్థికవేత్త ఒక సంగతి ఎత్తిచూపాడు. ఆయనకి 2005లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బేరంలో తన చేతులు తనే కట్టేసుకున్నవాడికి బలం తగ్గదు, పెరుగుతుంది. "నాకు ఇంతకు మించి ఇచ్చే అధికారం లేదు" అని అవతలివాళ్ళని నమ్మించగలిగితే, దిగిరావాల్సింది వాళ్ళే. అందుకే చాలా సంస్థలు మనతో మాట్లాడే మనిషికి కావాలనే అధికారం ఇవ్వవు. నిర్ణయించేవాళ్ళు లోపల గదిలో ఉంటారు, వినేవాళ్ళు కౌంటర్లో ఉంటారు. ఆ ఇద్దరి మధ్య ఉన్న గోడకే మనం "నిబంధనలు" అని పేరు పెట్టుకుంటాం.

కాబట్టి ఆ మాట ఎవరి నోట వస్తోందన్నది చూడాలి. కౌంటర్లో కుర్రాడి నోట వస్తే అది చాలావరకు నిజం. కమిటీ అధ్యక్షుడి నోట వస్తే అది బేరం. రెండింటికీ ఒకే జాలి చూపిస్తున్నాం, అదీ నా బాధ.

మరి పనిచేసేవాళ్ళ సంగతి?

నా స్నేహితురాలు ఒకావిడ ఏళ్ళ తరబడి ఒక కార్యాలయంలో జనం వచ్చే సీట్లో కూర్చుంది. ఈ వాదన ఆవిడ దగ్గర పెడితే మొదట ఒప్పుకోలేదు. ఆవిడన్న మాట: "రూలు ప్రకారం కాదు అన్నందుకు ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు. పోనీలే అని ఒక పని చేసిపెట్టినందుకు మెమో వచ్చింది, ఆడిట్‌లో అభ్యంతరం రాశారు, దానికి సమాధానం రాయడానికి నెలలు పట్టింది. నువ్వయితే ఏం చేస్తావు?"

దీనికి నా దగ్గర చప్పున సమాధానం లేదు. కాదన్నందుకు శిక్ష లేదు, చేసినందుకు శిక్ష ఉంది. ఈ తూకంలో ఎవరు కూర్చున్నా కొన్నాళ్ళకి "కాదు" వైపే మొగ్గుతారు. తప్పుగా కాదన్నప్పుడు నష్టపోయినవాడు వాకిలి దాటి వెళ్ళిపోతాడు, ఏ ఫైల్లోనూ కనబడడు. తప్పుగా అవునన్నది మాత్రం కాగితం మీద ఉండిపోతుంది, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తవ్వి తీస్తారు.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. రూలుని పక్కనపెట్టే వెసులుబాటు ఇస్తే అది ముందు ఎవరికి అందుతుంది? పలుకుబడి ఉన్నవాడికి, లోపల చుట్టమున్నవాడికి, చెయ్యి తడపగలిగినవాడికి. ఎవరినీ ఎరగని మనిషికి రూలే దిక్కు. మనిషి ముఖం చూడకుండా నిబంధన చూసి పనిచేయడం అధికార యంత్రాంగపు లక్షణమని మాక్స్ వెబర్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నూరేళ్ళ కిందటే చెప్పాడు. ఆ ముఖం చూడకపోవడం వల్ల బాగుపడ్డవాళ్ళలో ఎక్కువమంది బీదవాళ్ళే. సిఫార్సు ఉత్తరం పట్టుకొచ్చినవాడితో "సారీ అండీ, రూలు ఒప్పుకోదు" అని గుమాస్తా ధైర్యంగా అనగలగడం చిన్న విషయం కాదు. అక్కడ ఆ మాటే అతనికి కవచం. దాన్ని లాగేసుకోమని నేను అనలేను.

ఒత్తిడికి లొంగని ఒకావిడ

రూలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఫ్రాన్సెస్ కెల్సీ. 1960లో అమెరికా ఆహార ఔషధ సంస్థలో కొత్తగా చేరింది. చేరిన కొద్ది రోజులకే థాలిడోమైడ్ అనే మందుకి అనుమతి కోరుతూ ఒక దరఖాస్తు ఆవిడ బల్ల మీదికి వచ్చింది. అప్పటికే జర్మనీలో 1957 నుంచి అమ్ముతున్న మందు అది. అప్పటి చట్టం ప్రకారం అరవై రోజుల్లోగా ఏదో ఒకటి తేల్చాలి. తేల్చకపోతే మందు బజారులోకి వెళ్ళిపోవచ్చు. దరఖాస్తు అసంపూర్ణంగా ఉందని రాస్తే, కొత్త సమాచారం వచ్చాక గడువు మళ్ళీ మొదలవుతుంది. ఆవిడ అదే చేసింది, మళ్ళీ మళ్ళీ. కంపెనీవాళ్ళు ఫోన్లు చేశారు, స్వయంగా వచ్చారు, పైవాళ్ళకి ఫిర్యాదు చేశారు. ఆవిడ కదల్లేదు. 1961 చివర్లో ఆ మందు వల్లే కాళ్ళూ చేతులూ సరిగ్గా ఏర్పడకుండా పిల్లలు పుడుతున్నారని బయటపడింది. ప్రపంచం మొత్తం మీద అలాంటి పిల్లలు పదివేలకి పైగా. అమెరికాలో అప్పట్లో ఆ మందు అమ్మకానికి రాలేదు.

రూళ్ళు గట్టిగా ఉండాలనేవాళ్ళు ఈ కథ చెప్తారు. సరే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆవిడ చేసిన పని దగ్గరగా చూడండి. చేతులు కట్టేశారని చెప్పి ఊరుకోలేదు. ఫలానా సమాచారం చాలదు, ఫలానా పరీక్ష లేదు, ఈ మందు వాడినవాళ్ళకి నరాలు దెబ్బతింటున్నాయని వైద్య పత్రికలో వచ్చింది కదా దానికి మీ జవాబేమిటి, గర్భిణులకి ప్రమాదం లేదని ఎలా చెప్తారు అని రాసింది. కాదంటున్నది తనేనని, ఎందుకు కాదంటున్నానంటే ఇదీ అని, తన పేరు మీద నిలబడింది. చట్టమైతే నిజానికి ఆవిడ వైపు అంత గట్టిగా లేదు కూడా. మందుల చట్టం బిగించింది ఆ తర్వాత, 1962లో. ఉన్న కాస్త చోటునీ ఆవిడ తన బుద్ధితో వాడుకుంది.

అంటే కాదనడం మీద నాకు పేచీ లేదు. కాదన్నవాళ్ళు కనబడకుండా పోవడం మీదే పేచీ.

కౌనస్‌లో రెండు ముద్రలు

రెండో వైపు నుంచి ఇంకో సంగతి చెప్తాను. 1940 వేసవి, లిథువేనియాలోని కౌనస్ పట్టణం. పోలండు నుంచి పారిపోయి వచ్చిన యూదు శరణార్థులు వేలల్లో ఉన్నారు. సోవియట్ వాళ్ళు దేశాన్ని కలిపేసుకుంటున్నారు, రాయబార కార్యాలయాలు మూసేయమన్నారు. బయటపడాలంటే సోవియట్ దేశం మీదుగా జపానుకి, అక్కడి నుంచి ఇంకెక్కడికైనా పోవాలి. జపాను దారి వీసా ఇవ్వాలంటే చివరికి చేరే దేశం ఏదో చూపించాలి. వాళ్ళని రమ్మనే దేశమే లేదు.

అక్కడ యాన్ జ్వార్టెండైక్ అని ఒక డచ్చాయన ఉన్నాడు. అసలు పని ఫిలిప్స్ కంపెనీ ప్రతినిధి. తాత్కాలికంగా కాన్సుల్ బాధ్యత మీద పడింది. డచ్చివారి ఏలుబడిలో కురసావ్ అనే దీవి ఉంది. అక్కడికి వెళ్ళడానికి వీసా అక్కర్లేదు, కానీ దిగడానికి గవర్నరు అనుమతి కావాలి. ఆ అనుమతి దొరకడం దాదాపు అసాధ్యం. రూలు మొత్తం రాస్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ఆయన మొదటి సగం మాత్రమే రాశాడు: కురసావ్‌లో ప్రవేశానికి వీసా అవసరం లేదు. రాసినంతవరకు అక్షరం అక్షరం నిజమే. అలా కొద్ది రోజుల్లో 2,000కి పైగా రాశాడు. వాటిని చూసి జపాను వైస్ కాన్సుల్ చియునె సుగిహారా దారి వీసాలు ఇచ్చాడు. షరతులన్నీ ఉన్నవాళ్ళకే ఇమ్మని టోక్యో నుంచి ఆదేశం. ఆయన అడిగాడు, కాదన్నారు, మళ్ళీ అడిగాడు, మళ్ళీ కాదన్నారు. ఆ తర్వాత చేత్తో రాస్తూ కూర్చున్నాడు, రోజుకి గంటల తరబడి, కార్యాలయం మూసే దాకా.

అందరూ సుగిహారా కావాలని అడగడం అన్యాయం. మన రోజువారీ కౌంటర్లలో ప్రాణాలు పోయే సందర్భాలు అరుదు. పైగా, ఆజ్ఞ ధిక్కరించే ప్రతి ఉద్యోగీ మంచికే ధిక్కరిస్తాడన్న నమ్మకం లేదు. అయినా ఈ ఇద్దరూ చేసిన పనుల్లో ఒక తేడా నాకు ముఖ్యమనిపిస్తుంది. సుగిహారా రూలు దాటాడు. దాటేముందు, దాన్ని పెట్టినవాళ్ళనే అడిగాడు. జ్వార్టెండైక్ రూలు పుస్తకం తెరిచి, అందులో ఎంత చోటుందో వెతికాడు. మొదటిది వీరుల పని. రెండోదానికి కూడా ధైర్యం కావాలి, కానీ అందులో కొంత మామూలు మనుషులం మనమూ చేయగలిగిందే. మామయ్య విషయంలో పక్క టేబుల్ పెద్దావిడ చేసింది ఆ కొంచెమే.

చెవులు మూసుకోకూడదు

ఇంగ్లండు న్యాయస్థానాలు ఈ ముడిని చాలాకాలంగా విప్పుతూ వచ్చాయి. అందులో పేరుమోసిన కేసు బ్రిటిష్ ఆక్సిజన్ కంపెనీది, 1970లో తీర్పు వచ్చింది. ఒక్కో వస్తువు ఖరీదు 25 పౌండ్లకి తక్కువుంటే ప్రభుత్వ సాయం ఇవ్వకూడదని ఆ సాయం మంజూరు చేసే శాఖవాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. కంపెనీ కొన్నవి గ్యాసు సిలిండర్లు. ఒక్కోటి 20 పౌండ్ల లోపే, మొత్తం కలిపితే 40 లక్షల పౌండ్లకి పైనే. న్యాయమూర్తులు ఏమన్నారంటే, శాఖ తనకంటూ ఒక నియమం పెట్టుకోవడంలో తప్పులేదు, కానీ కొత్త సంగతి చెప్పడానికి వచ్చినవాడి మాట వినకుండా చెవులు మూసుకోకూడదు. ఇక్కడ కంపెనీ ఓడిపోయింది, అది కూడా చెప్పాలి. విన్నారు, విన్నాక కాదన్నారు, అది చెల్లింది. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఆ తేడా పాటించినంత కాలం రూలుకీ నష్టం లేదు, మనిషికీ అవమానం లేదు.

ఇప్పుడు మాట ఇంకో రూపం తీసుకుంది: "సిస్టమ్ తీసుకోవట్లేదండీ." ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ముందుకి పోదు. ఇంటిపేరే లేని మనుషులు ప్రపంచంలో కోట్లమంది ఉన్నారు. ఒకే పేరుని రెండు గడుల్లోనూ కొట్టి, తర్వాత రెండు కాగితాల్లో రెండు పేర్లున్నాయని తిరిగేవాళ్ళని చూశాను. ఆ గడి తప్పనిసరి అని ఎవరో ఒక మనిషే ఒక రోజు నిర్ణయించాడు. ఇప్పుడు ఆ మనిషి ఎవరో సంస్థలో కూడా ఎవరికీ తెలియదు. కౌంటర్లో ఉన్నవాళ్ళకి తెర మీద ఎర్ర అక్షరాలు తప్ప ఏమీ కనబడవు. 2018 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాచార రక్షణ చట్టం 22వ అధికరణం, మన జీవితం మీద గట్టి ప్రభావం చూపే నిర్ణయాన్ని పూర్తిగా యంత్రానికే వదిలేయకూడదనీ, ఆ చట్టం అనుమతించిన సందర్భాల్లో కూడా ఒక మనిషి కల్పించుకోవాలని అడిగే హక్కు ఉండాలనీ అంటుంది. మంచి ఆలోచనే. కానీ కల్పించుకున్న ఆ మనిషి కూడా "నా చేతులు కట్టేశారు" అంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

అందుకే నేను అడుగుతున్నది చాలా చిన్నది. ఏ కార్యాలయమైనా ఏ దరఖాస్తునైనా కాదన్నప్పుడు, ఆ కాదన్న కాగితం మీదే రూలు సంఖ్య అచ్చు వేయాలి. ఆ రూలుని సడలించే అధికారం ఏ హోదాలో ఉన్నవాళ్ళకుందో వేయాలి, వాళ్ళకి ఎలా రాసుకోవాలో వేయాలి. సడలించే అధికారం ఎవరికీ లేదంటే ఆ ముక్కే వేయాలి. నోటితో చెప్పి పంపించేయడం కుదరకూడదు. రాయాల్సి వస్తే చూడాలి, చూస్తే తెలుస్తుంది. సిఫార్సు పట్టుకొచ్చినవాడికీ అదే కాగితం ఇవ్వొచ్చు. గుమాస్తా కవచం ఇంకా గట్టిపడుతుంది.

నా స్నేహితురాలికి ఈ మాటే చెప్పాను. రూలు సంఖ్య వేయడానికి వెంటనే ఒప్పుకుంది, "మాకే మంచిది, రోజుకి పదిమందికి నోరు నొప్పెట్టేలా చెప్పక్కర్లేదు" అంది. పై అధికారి హోదా దగ్గర మాత్రం ఆగిపోయింది. జనాన్ని తన మీదికి తోలుతోందని ఆయన అనుకుంటాడు, సీటు మార్చేస్తాడు అంది. అచ్చు వేసేది కార్యాలయమే కదా, నువ్వు చేత్తో రాయడం లేదు కదా అన్నాను. ఆ అచ్చు వేయించాలన్నా ఆయనే సంతకం పెట్టాలి కదా అని అడిగింది. పెట్టించాల్సింది ఆయన చేతనే అన్నాను. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.